పాప పోయాక రోడ్డెక్కుతాం సరే, అంతకుముందు ఎవరెవరు చూశారు?

2019 జూన్‌లో హన్మకొండలో జరిగిన ఘోరాన్ని ఈ ప్రాంతంలో ఎవరూ మరిచిపోలేదు. రాత్రి డాబా మీద అమ్మానాన్నల పక్కన నిద్రపోతున్న 9 నెలల పాపను ఒకడు ఎత్తుకెళ్లి, అత్యాచారం చేసి చంపేశాడు. ఆ వారమంతా జనం రోడ్ల మీదే ఉన్నారు. ధర్నాలు, కొవ్వొత్తుల ర్యాలీలు జరిగాయి. నిందితుడి తరఫున వాదించేది లేదని ఇక్కడి లాయర్లు తీర్మానం చేశారు. ఆగస్టు 8న కోర్టు ఉరిశిక్ష వేసింది. నవంబరులో హైకోర్టు ఆ శిక్షను, ప్రాణం ఉన్నంతకాలం జైల్లోనే ఉండాలంటూ యావజ్జీవంగా మార్చింది.

ఏ ఊళ్లో పసిబిడ్డ పోయినా ఇంచుమించు ఇదే వరస. ముందు కోపం వస్తుంది. తర్వాత "ఉరి తీయండి" అంటాం. ఆ తర్వాత కొన్నాళ్లకు మన పనుల్లో పడిపోతాం. చంపినవాడెవడు, వాడికేం శిక్ష అన్న ప్రశ్నలకు జవాబు చెప్పడానికి పోలీస్ స్టేషన్ ఉంది, కోర్టు ఉంది. కానీ ఈ బిడ్డ ప్రమాదంలో ఉందని అంతకుముందు ఎవరెవరికి తెలుసు, తెలిసి వాళ్లేం చేశారు అనే ప్రశ్న కూడా ఒకటుంది. దానికి జవాబు తప్పనిసరిగా రాయాల్సిన చోటు మన దగ్గర ఎక్కడా లేదు. ఈ వ్యాసం ఎక్కువగా ఆ రెండో ప్రశ్న గురించే.

రెండు రకాల మరణాలు, ఒకే రకం కోపం

పిల్లల మీద హింస అంటే మన మనసులో ముందుగా మెదిలేది బయటివాడు. చీకట్లో వచ్చి ఎత్తుకెళ్లేవాడు. హన్మకొండ ఘటన అలాంటిదే. అక్కడ అమ్మానాన్నలు చేసిన తప్పేమీ లేదు, ముందుగా చూసి పసిగట్టడానికి గుర్తులూ లేవు. అలాంటప్పుడు పోలీసులు ఎంత వేగంగా పట్టుకున్నారు, కోర్టు ఎంత వేగంగా తేల్చింది అన్నవే ప్రధాన ప్రశ్నలు అవుతాయి. ఆ కేసులో రెండు నెలలు తిరక్కుండానే తీర్పు వచ్చింది. పట్టుబట్టి చేస్తే మన వ్యవస్థ ఎంత వేగంగా పనిచేయగలదో దాన్నిబట్టే తెలుస్తుంది.

రెండో రకం మరణం ఒక్క రాత్రిలో రాదు. నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి, నాలుగు గోడల మధ్య మెల్లగా వస్తుంది. వాతలు పెట్టడం, అన్నం పెట్టకపోవడం, గదిలో వేసి గొళ్లెం పెట్టడం, తాగొచ్చి గోడకేసి కొట్టడం. చంపేది అమ్మో, నాన్నో, మారుతండ్రో, సవతి తల్లో, బాబాయో అయి ఉంటారు. ఇలాంటి బిడ్డను చుట్టుపక్కల పదిమంది చూసే ఉంటారు.

కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో పిల్లలపై హింస గురించి ఒక పెద్ద అధ్యయనం విడుదల చేసింది. 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడి రాసిన నివేదిక అది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఆ జాబితాలో ఉంది. ప్రతి ముగ్గురు పిల్లల్లో ఇద్దరు దెబ్బలు తిన్నవాళ్లేనని తేలింది. ఇంట్లో దెబ్బలు తిన్న పిల్లల్లో 88.6 శాతం మందిని కొట్టింది కన్నవాళ్లే. లైంగిక హింస సంగతికొస్తే, నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో లెక్కలు ఏటా ఒకే మాట చెబుతున్నాయి. పోక్సో, అంటే పిల్లలపై లైంగిక నేరాల చట్టం, కింద నమోదైన అత్యాచార కేసుల్లో నూటికి 90కు పైగా నిందితులు ఆ బిడ్డకు ముందే తెలిసినవాళ్లు.

అంటే మన కోపం ఎక్కువగా మొదటి రకం మీద ఉంటే, పిల్లల బాధ ఎక్కువగా రెండో రకంలో ఉంది. ఇంట్లో దెబ్బలకు చనిపోయిన బిడ్డ కోసం కొవ్వొత్తులు వెలిగించడం అరుదు. పేపర్లో జిల్లా ఎడిషన్ లోపలి పేజీలో నాలుగు లైన్లు వస్తాయి, అంతే.

"మా బిడ్డను మేం కొట్టుకుంటం, మీకేంది?"

ఈ మాట మన వీధుల్లో విననివాళ్లు ఉండరు. కొట్టడం పెంపకంలో భాగమేనన్న నమ్మకం బలంగా ఉంది. మరి చట్టం గీత ఎక్కడ గీసింది?

బడిలో అయితే గీత స్పష్టంగా ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం పూర్తిగా నిషేధం. ఇంట్లోకి వచ్చేసరికి గీత కాస్త మసకబారుతుంది. పన్నెండేళ్ల లోపు పిల్లల మేలు కోరి సంరక్షకులు చిత్తశుద్ధితో చేసిన పనిని భారతీయ న్యాయ సంహిత 27వ సెక్షన్ నేరంగా చూడదు. పాత ఐపీసీలో ఇదే 89వ సెక్షన్. కానీ ఆ రక్షణకు హద్దులున్నాయి. కావాలని ప్రాణం తీయడానికీ, తీవ్ర గాయం చేయడానికీ అది వర్తించదు.

మరోవైపు 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ఉంది, అందరూ జేజే చట్టం అంటారు. దాని 75వ సెక్షన్ ప్రకారం, తన సంరక్షణలో ఉన్న బిడ్డను కొట్టినా, హింసించినా, కావాలని పట్టించుకోకుండా వదిలేసినా మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. అక్కడ "బయటివాళ్లు" అని లేదు. కన్నవాళ్లకూ అది వర్తిస్తుంది.

చట్టంలో శిక్షకంటే ముఖ్యమైన ముక్క ఇంకొకటుంది. తనను గాయపరిచిన, వేధించిన, నిర్లక్ష్యం చేసిన మనిషితో కలిసి బతుకుతున్న బిడ్డను ఈ చట్టం "సంరక్షణ, రక్షణ అవసరమైన బాలలు" అన్న జాబితాలో చేర్చింది. చంపుతామనో గాయపరుస్తామనో బెదిరింపు ఉండి, అది నిజమయ్యే అవకాశం కనిపించినా చాలు. బిడ్డ చచ్చిపోయేదాకా కాదు, ఎముక విరిగేదాకా కూడా ఆగాల్సిన పనిలేదు.

ఏ ఆఫీసు ఏం చేస్తుంది

ప్రతి జిల్లాకూ ఒక బాలల సంక్షేమ కమిటీ ఉంటుంది. దాన్నే సీడబ్ల్యూసీ అంటారు. ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు. వాళ్లలో కనీసం ఒకరు మహిళ అయి ఉండాలి. పేరు కమిటీయే అయినా, దానికి ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్‌కు ఉండే అధికారాలున్నాయి. బిడ్డ ఎక్కడ ఉండాలో నిర్ణయించేది ఈ కమిటీయే. ఆపదలో దొరికిన బిడ్డను ప్రయాణ సమయం పోను 24 గంటల్లో దీని ముందుకు తీసుకురావాలి. కమిటీ కూర్చోని రోజు అయితే ఒక్క సభ్యుడి ముందు హాజరుపరిచినా చెల్లుతుంది.

కమిటీకి కాళ్లూ చేతులూ జిల్లా బాలల పరిరక్షణ విభాగం. మన దగ్గర బాలరక్షా భవన్ అంటే చాలామంది గుర్తుపడతారు. ఇంటికి వెళ్లి విచారించి నివేదిక రాసే సోషల్ వర్కర్లు, కౌన్సిలర్లు అక్కడి సిబ్బందే. ప్రతి పోలీస్ స్టేషన్‌లోనూ కనీసం ఏఎస్ఐ స్థాయిలో ఒక బాలల సంక్షేమ పోలీసు అధికారి ఉండాలి. 1098 అంటే చైల్డ్‌లైన్. 1996లో ముంబైలో మొదలై చాలాకాలం స్వచ్ఛంద సంస్థల చేతుల్లో నడిచింది. 2023 నుంచి దాన్ని ప్రభుత్వాలే నడుపుతున్నాయి, 112 ఎమర్జెన్సీ నంబరుతో కలిపారు. లైంగిక హింస కేసుల్లో బాధితులకు వైద్యం, వాంగ్మూలం, కౌన్సెలింగ్ ఒకే చోట జరిగేలా పోలీసుల భరోసా కేంద్రాలున్నాయి.

కాగితం మీద చూస్తే కొరతేమీ కనిపించదు. మరి బిడ్డ ఎక్కడ జారిపోతుంది? అది తెలియాలంటే ఒక కథలోకి వెళ్లాలి.

ఐదుగురు చూశారు, ఒక్కరూ మొత్తం చూడలేదు

ఇది ఏ నిజమైన కేసూ కాదు, అర్థం కావడానికి నేను కల్పించిన ఉదాహరణ. హన్మకొండలో ఒక కిరాయి గది. నాలుగేళ్ల పాప, చిన్ని అనుకుందాం. నాన్న సెంట్రింగ్ పనికి పోతాడు, పనిలేని రోజు తాగుతాడు. అమ్మ బట్టల షాపులో పని, వచ్చేసరికి రాత్రి తొమ్మిదవుతుంది.

జూన్‌లో అంగన్‌వాడీ టీచరు చిన్ని పిక్క మీద వాత చూసింది. అట్లకాడ అంచులాగా సన్నగా, తిన్నగా ఉంది. అడిగితే "పొయ్యి దగ్గర తాకింది" అంది అమ్మ. అదే నెలలో పాప బరువు తగ్గింది. టీచరు బరువు రాయాల్సిన చోట బరువు రాసింది. వాత గురించి రాయడానికి ఆ పుస్తకంలో గడి లేదు.

జూలైలో ఒక రాత్రి పక్క గది ఆమె అరుపులు భరించలేక 100కు ఫోన్ చేసింది. పోలీసులు వచ్చారు. భార్యాభర్తల లొల్లి అనుకున్నారు, ఇద్దరికీ నచ్చజెప్పి పోయారు. పాప చాప మీద దుప్పటి ముసుగేసుకుని పడుకుని ఉంది. ఆ దుప్పటి ఎవరూ తీసి చూడలేదు.

ఆగస్టులో మణికట్టు వాచింది. గల్లీలో ఉండే ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్లారు. "మెట్ల మీద పడ్డది." ఎక్స్‌రే తీయించుకోమన్నాడు. వాళ్లు తీయించలేదు, ఆయనకు మళ్లీ కనిపించలేదు.

సెప్టెంబరులో చిన్ని పన్నెండు రోజులు అంగన్‌వాడీకి రాలేదు. ఊరెళ్లారని రిజిస్టర్లో పడింది.

బతుకమ్మకు జనగామ దగ్గర అమ్మమ్మ ఊరికి పోయారు. అమ్మమ్మ పైన అటక మీది డబ్బా తీయడానికి చెయ్యి లేపితే, పాప రెండు చేతులూ తల మీద పెట్టుకుని కూలబడింది. అమ్మమ్మకు అంతా అర్థమైంది. కొడుకుతో చెప్పింది. "దసరా పోనీ, పెద్దమనుషుల్ల పెడదాం" అన్నాడతను.

ఐదుగురిలో ఒక్కరూ చెడ్డవాళ్లు కాదు. ఎవరికి వాళ్లు తమకు తోచింది చేశారు. కానీ వాత ఒకరి దగ్గర, అరుపు ఇంకొకరి దగ్గర, వాపు మరొకరి దగ్గర ఉండిపోయాయి. ఈ ఐదు ముక్కలూ ఒక టేబుల్ మీదికి వస్తే చదువురానివాళ్లు కూడా చెప్పగలరు ఆ ఇంట్లో ఏం జరుగుతోందో. పిల్లల రక్షణలో వైఫల్యం అని పెద్ద మాటలు వాడతాం గానీ, చాలాసార్లు అది ఇలాగే ఉంటుంది.

ఈ ఐదుగురిలో ఏ ఒక్కరు 1098కి చేసి ఉన్నా తర్వాత జరగాల్సింది ఇది. బాలరక్షా భవన్ నుంచి ఒక సోషల్ వర్కర్ ఇంటికి వస్తారు. చుట్టుపక్కల అడుగుతారు, అంగన్‌వాడీ రిజిస్టర్ చూస్తారు, అమ్మమ్మతో మాట్లాడతారు. ఆ నివేదిక సీడబ్ల్యూసీ ముందుకు వెళ్తుంది. కమిటీ ముందు చాలా దారులున్నాయి. తరచూ వెళ్లి చూసే షరతు మీద ఇంట్లోనే ఉంచొచ్చు. అమ్మమ్మ దగ్గర ఉంచొచ్చు. అర్హత ఉంటే మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద నెలకు 4,000 రూపాయల ఆసరా ఇప్పించొచ్చు. ఏదీ కుదరకపోతేనే పిల్లల హోమ్.

చెప్పి తీరాలా? చట్టంలో ఒక ఖాళీ

2012 నాటి పోక్సో చట్టం ఈ విషయంలో చాలా గట్టిది. బిడ్డ మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగొచ్చన్న అనుమానం ఉన్నా, పోలీసులకు చెప్పడం 19వ సెక్షన్ ప్రకారం అందరి బాధ్యత. డాక్టరైనా, టీచరైనా, పక్కింటివాళ్లైనా అంతే. చెప్పకపోతే ఆర్నెల్ల దాకా జైలు. సంస్థను నడిపేవాళ్లు తమ కింద పనిచేసేవాళ్ల నేరాన్ని దాచితే ఏడాది దాకా. పిల్లలకు మాత్రం ఈ శిక్ష లేదు. పోలీసులు కూడా 24 గంటల్లో సీడబ్ల్యూసీకి, ప్రత్యేక కోర్టుకు తెలియజేయాలి.

ఇప్పుడు చిన్ని దగ్గరికి రండి. ఆ పాప మీద జరిగింది లైంగిక హింస కాదు. వాత, దెబ్బ, ఆకలి. వీటిని చూసిన మామూలు మనిషి ఫిర్యాదు చేసి తీరాలని పోక్సో లాంటి నిబంధన ఏదీ లేదు. జేజే చట్టంలో తప్పనిసరిగా చెప్పాలన్నది తప్పిపోయిన, వదిలేసిన, ఏ దిక్కూ లేని పిల్లల గురించి. అమ్మానాన్నల మధ్యే ఉండి రోజూ దెబ్బలు తింటున్న బిడ్డ గురించి చెప్పొచ్చు, కానీ చెప్పకపోతే అడిగేవాళ్లు లేరు.

ఈ ఖాళీని పూడ్చాలా అన్నదాని మీద వాదనలు రెండు వైపులా ఉన్నాయి. కనీసం టీచర్లు, డాక్టర్లు, అంగన్‌వాడీ సిబ్బందికైనా తప్పనిసరి చేయాలని ఒక వాదన. భయం ఉంటేనే నోరు విప్పుతారని వాళ్లంటారు. శిక్ష భయంతో ప్రతి గీతనూ రిపోర్ట్ చేస్తే అసలైన కేసులు ఆ కుప్పలో కూరుకుపోతాయని, దెబ్బ తగిలిన బిడ్డను ఆస్పత్రికి తేవడమే మానేస్తారని ఇంకో వాదన. రెండోదాన్ని తేలిగ్గా తీసుకోలేం. విరిగిన చెయ్యితో ఇంట్లోనే ఉండిపోయే బిడ్డ పరిస్థితి ఇంకా ఘోరం. అయినా వాత చూసిన టీచరుకు అది రాయడానికి ఒక గడి, రాసింది పంపడానికి ఒక చిరునామా ఇవ్వడానికి కొత్త చట్టం అక్కర్లేదని నా అభిప్రాయం.

ఉరి, ఎన్‌కౌంటర్, లాయర్ల బహిష్కరణ

మనకు ఇక్కడ ఇంకో జ్ఞాపకం ఉంది. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ దాడి జరిగింది. కొద్ది రోజుల్లోనే ముగ్గురు నిందితులూ పోలీసుల కాల్పుల్లో చనిపోయారు. పోలీసులకు పూలదండలు పడ్డాయి. 2021 సెప్టెంబరులో హైదరాబాద్ సైదాబాద్‌లో ఆరేళ్ల పాపను చంపిన కేసులో నిందితుడు స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర రైలు పట్టాల మీద శవమై దొరికాడు. ఆత్మహత్య అన్నారు పోలీసులు. అనుమానాలు రావడంతో హైకోర్టు న్యాయ విచారణకు ఆదేశించింది.

అలాంటి వార్త వినగానే చాలామంది గుండెల్లో బరువు దిగినట్టవుతుంది. ఆ భావన వెనక ఏళ్ల తరబడి నడిచే కేసులు చూసిన అలసట ఉంది. పోక్సో కేసు వీలైనంతవరకు ఏడాదిలో తేలాలని చట్టంలో ఉన్నా, వాయిదాల మీద వాయిదాలు పడటం అందరూ చూస్తున్నారు. ఉరి ఉండాలనేవాళ్లు అడిగేది కూడా సూటి ప్రశ్నే. పసిగుడ్డును చంపినవాడికి అది కాక ఇంకేం సరిపోతుంది? 2018లో పన్నెండేళ్ల లోపు బాలికలపై అత్యాచారానికి, 2019 సవరణతో పోక్సోలోని తీవ్ర నేరాలకు మరణశిక్ష దాకా వేసే వీలు వచ్చింది ఆ ఆవేదన నుంచే.

కాదనేవాళ్లు రెండు విషయాలు ముందు పెడతారు. నేరస్తుడు ఎక్కువసార్లు ఇంటివాడే అయినప్పుడు, శిక్ష ఉరి అని తెలిస్తే ఇంట్లోవాళ్లే బిడ్డ నోరు మూయిస్తారు. చంపేస్తే సాక్ష్యం ఉండదన్న ఆలోచన నేరస్తుడికీ రావొచ్చు. నిర్భయ ఘటన తర్వాత వేసిన జస్టిస్ వర్మ కమిటీ 2013లో అత్యాచారానికి మరణశిక్షను సిఫార్సు చేయలేదు. శిక్ష పెద్దదా చిన్నదా అన్నదానికంటే, తప్పకుండా పడుతుందా లేదా అన్నదే భయం పెడుతుందని వీళ్ల మాట.

హన్మకొండ కేసులో హైకోర్టు శిక్ష తగ్గించినప్పుడు చాలామందికి మోసపోయినట్టు అనిపించింది. నిజానికి సెషన్స్ కోర్టు వేసిన ఏ ఉరిశిక్షా హైకోర్టు ఖాయం చేయకుండా అమలు కాదు. అత్యంత అరుదైన కేసుల్లోనే ఉరి వేయాలని 1980లో సుప్రీంకోర్టు బచ్చన్ సింగ్ కేసులో పెట్టిన కొలతతో హైకోర్టు మళ్లీ మొదటి నుంచి తూస్తుంది. నేరం రుజువు కాలేదని హైకోర్టు అనలేదు. శిక్ష మారింది, అతను జైల్లోంచి బయటికి వచ్చే దారి తెరుచుకోలేదు.

లాయర్ల బహిష్కరణ సంగతి ఇంకా చిక్కు. ఫలానా నిందితుడి తరఫున వాదించం అని బార్ అసోసియేషన్లు చేసే తీర్మానాలు చెల్లవని 2010లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. కోపం చల్లార్చుకోవడానికి అది మంచి దారిలా కనిపిస్తుంది. కానీ వాదించే లాయరు లేకుండా పడిన శిక్ష పై కోర్టులో నిలవదు. కేసు మళ్లీ మొదటికొస్తే సాక్ష్యం చెప్పాల్సిన తల్లి ఆ రాత్రిని మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. నిందితుడికి లాయరు ఉండటం ఆ తల్లికి కూడా అవసరమే.

ఫ్లెక్సీ మీద పాప ఫొటో

ర్యాలీల్లో పాప ఫొటోతో ఫ్లెక్సీలు కడతాం, వాట్సాప్ స్టేటస్‌లు పెడతాం. ప్రేమతోనే. అయితే లైంగిక హింసకు గురైన బిడ్డ పేరు, ఫొటో, గుర్తుపట్టేలా చేసే ఏ వివరమైనా బయటపెట్టడం పోక్సో 23వ సెక్షన్ ప్రకారం నేరం. చనిపోయిన బిడ్డకూ ఇది వర్తిస్తుందని 2018లో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కుటుంబం ఒప్పుకున్నా సరిపోదు, సెషన్స్ జడ్జి అనుమతి కావాలి. దెబ్బలకు బలైన పిల్లల వివరాలు ప్రచురించడాన్ని జేజే చట్టం 74వ సెక్షన్ నిషేధిస్తుంది. ఆ ఇంట్లో ఇంకో బిడ్డ ఉంటుంది. రేపు బడికి పోవాలి.

సిబ్బందిని సస్పెండ్ చేస్తే సరిపోతుందా?

మన దగ్గర కోపం నిందితుడి మీదే ఆగుతుంది. ఇంగ్లండ్‌లో ఒకసారి అది పూర్తిగా అవతలి వైపుకు మళ్లింది. 2007 ఆగస్టులో లండన్‌లోని హారింగే ప్రాంతంలో 17 నెలల బాబు చనిపోయాడు. ఒంటి మీద 50కి పైగా గాయాలు. తల్లి, ఆమెతో ఉంటున్న మనిషి, అతని సోదరుడు జైలుకెళ్లారు. చనిపోవడానికి ముందు ఎనిమిది నెలల్లో డాక్టర్లు, సోషల్ వర్కర్లు, పోలీసులు ఆ బాబును 60 సార్లు చూశారు. పేపర్లలో అతను "బేబీ పి". అదే హారింగేలో 2000లో ఎనిమిదేళ్ల పాప ఇలాగే చనిపోతే పెద్ద విచారణ జరిగింది, 2004లో కొత్త చట్టమే వచ్చింది. అయినా మళ్లీ జరిగింది.

జనం మండిపోయారు. సోషల్ వర్కర్లను తీసేయాలంటూ ఒక పత్రిక పెట్టిన విజ్ఞాపన మీద పది లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. అక్కడి పిల్లల సేవల అధికారిని ఉద్యోగంలోంచి తొలగించారు. 2011లో అప్పీల్ కోర్టు ఆ తొలగింపు తీరు చట్టవిరుద్ధమని చెప్పింది. ఈలోగా ఇంకో మార్పు వచ్చింది. మళ్లీ తప్పు జరిగితే తమ మీదికి వస్తుందన్న టెన్షన్‌తో, పిల్లల్ని కుటుంబాల నుంచి తీసుకోవడానికి కోర్టుల్లో వేసే దరఖాస్తులు ఒక్కసారిగా పెరిగాయి. వాటిలో నిజంగా కాపాడినవీ ఉంటాయి, అనవసరంగా విడదీసినవీ ఉంటాయి.

పైవాళ్ల మెడ మీద కత్తి లేకపోతే ఎవరూ పనిచేయరని ఇక్కడ కూడా అంటారు. నిజంగా ఫిర్యాదు వచ్చి, ఫైలు మూలన పడేసిన ఉద్యోగిని వదిలేయాలని ఎవరూ అనరు. కానీ జిల్లా మొత్తానికి వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది ఫీల్డ్ సిబ్బంది, కాంట్రాక్టు జీతాలు, బైకు పెట్రోలు సొంత జేబులోంచి. అలాంటి చోట ఒకరిని సస్పెండ్ చేస్తే ఆ గల్లీకి వెళ్లే మనిషి ఇంకొకరు తగ్గుతారు.

ఇంట్లోంచి తీసుకెళ్లడం అంటే

చిన్నిని వెంటనే హోమ్‌లో పెట్టాల్సింది కదా అనిపిస్తుంది. చట్టం మాత్రం హోమ్‌ను చిట్టచివరి దారిగానే చూడమంటుంది, కుటుంబాన్నే ముందు చూడమంటుంది. అది మెత్తదనం కాదు. హోమ్‌లన్నీ భద్రం కావు. 2020లో సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్‌లో ఒక ప్రైవేటు ఆశ్రమంలో లైంగిక దాడికి గురైందన్న ఆరోపణల మధ్య 14 ఏళ్ల బాలిక చనిపోయింది. కాపాడటానికి పెట్టిన చోటే.

అలాగని ఇంట్లో వదిలేయడమూ తేలిక కాదు. "ఇక కొట్టం సారూ" అని కాగితం మీద సంతకం పెట్టి తీసుకెళ్తారు. ఆ తర్వాత వారం వారం ఎవరు వెళ్లి చూస్తారన్నదే అసలు విషయం. చూసే మనిషి లేకపోతే ఆ సంతకం బిడ్డకు అడ్డం రాదు.

ఆరోగ్య శాఖ అడిగే ప్రశ్నలు

ఆరోగ్య శాఖలో ఒక పద్ధతి ఉంది. బాలింత చనిపోయినా, ఐదేళ్ల లోపు బిడ్డ చనిపోయినా దాని మీద సమీక్ష చేయాలి. ఆ ఇంటికి వెళ్లి, పక్కన కూర్చుని అడుగుతారు. జ్వరం ఎప్పుడొచ్చింది, ఆస్పత్రికి పోదామని ఎప్పుడనుకున్నారు, బండి దొరకడానికి ఎంతసేపు పట్టింది, ఆస్పత్రిలో ఎంతసేపు కూర్చోబెట్టారు. దీన్ని మూడు ఆలస్యాలు అంటారు. నిర్ణయించుకోవడంలో ఆలస్యం, చేరుకోవడంలో ఆలస్యం, వైద్యం అందడంలో ఆలస్యం. ఎవరినో జైల్లో వేయడానికి కాదు, ఇంకో బిడ్డ దగ్గర అదే ఆలస్యం జరగకుండా ఉండటానికి.

హింసతో చనిపోయిన బిడ్డ విషయంలో ఇలా అడిగి తీరాలన్న ఏర్పాటు మన దగ్గర లేదు. చార్జిషీటులో చంపినవాడి గురించి ఉంటుంది, చూసి ఊరుకున్నవాళ్ల గురించి ఉండదు. 2005 చట్టం కింద ఏర్పడిన బాలల హక్కుల కమిషన్లు విచారణ చేయొచ్చు, సివిల్ కోర్టులా మనుషుల్ని పిలిపించొచ్చు. కానీ అవి చివరికి ఇచ్చేవి సిఫార్సులు. ప్రతి మరణంపైనా విచారణ జరగాలని లేదు. ఇంగ్లండ్‌లో అలాంటి సమీక్షలు చట్టంలోనే ఉన్నాయి. అక్కడ కూడా నివేదిక తర్వాత నివేదికలో ఒకే వాక్యం వస్తోందని విమర్శ ఉంది. ఒకరికి తెలిసింది ఇంకొకరికి చెప్పలేదు అని. సమీక్ష మంత్రం కాదు, కానీ ఆ వాక్యం అక్కడ కాగితం మీదైనా ఉంది.

చిన్నికి ఆ మూడు ఆలస్యాలు పెట్టి చూడండి. జూన్‌లో వాత చూసిన రోజు నుంచి బతుకమ్మ దాకా నాలుగు నెలలు, ఇది చెప్పాల్సిన విషయం అనుకోవడంలోనే పోయాయి. 100కు ఫోన్ చేసినామె సరైన పనే చేసింది, అది బిడ్డ గురించిన కబురుగా స్టేషన్లోని బాలల అధికారి దాకా చేరలేదు. అది రెండో ఆలస్యం. మూడోది ఇంకా మొదలే కాలేదు, ఎందుకంటే ఫైలే పుట్టలేదు.

పుట్టినా ఇంకో ముడి ఉంది. హన్మకొండ, వరంగల్ మనకు ఒకే ఊరు. కానీ ఇప్పుడు రెండు జిల్లాలు, రెండు సీడబ్ల్యూసీలు. ఉమ్మడి వరంగల్ ఆరు జిల్లాలైంది. పోలీస్ కమిషనరేట్ మాత్రం హన్మకొండ, వరంగల్, జనగామలకు ఒకటే. కిరాయి కట్టలేక కుటుంబం ఊళ్లోనే ఇంకో వైపుకు మారితే జిల్లా మారిపోవచ్చు. ఫైలు వెనకాలే పోవాలి, పోతుందో లేదో ఎవరో ఒకరు పట్టుబట్టి చూడాలి.

ఇదంతా నాకు ఇంత పట్టింపు ఎందుకంటే, చాలా ఏళ్ల కింద మా పక్క వాటాలో ఒక పోరడు ఉండేవాడు. ఆరేళ్లుంటాయి. రాత్రి పదింటికి ఏడుపు మొదలయ్యేది. ఏడుపు పెరిగితే లోపల టీవీ సౌండ్ పెరిగేది. గోడకు ఇవతల నేనూ మా ఇంట్లోవాళ్లూ ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లం, మనకెందుకు వచ్చిన లొల్లి అని పడుకునేవాళ్లం. 1098 అప్పటికే ఉంది. బస్టాండ్ గోడ మీద రాసి ఉండగా నేను చదివాను కూడా. ఫోన్ చేయలేదు. దసరాకు ముందు వాళ్లు గది ఖాళీ చేశారు. ట్రాలీ ఆటోలో బియ్యం డబ్బాకు, మంచానికి మధ్య వాడు ఇరుక్కుని కూర్చున్నాడు. ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని, కుడి చేత్తో మంచంకోడు పట్టుకున్నాడు. ఏ ఊరికి పోయారో ఇంటి ఓనర్‌ను అడిగాను. ఆయనకూ తెలియదు.